‘ఎక్కువ అంటే కూడిక’ అనే చిట్కాకు బహిరంగ లేఖ

గైడు పుస్తకాల్లో కాపురముండే చిట్కా,

‘ఎక్కువ’ కనిపిస్తే కూడు, ‘తక్కువ’ కనిపిస్తే తీసెయ్యి, ‘రెట్లు’ కనిపిస్తే గుణించు. ఇంతే కదా నువ్వు నేర్పేది! సామాన్య సమీకరణాల పాఠం మొదలుకాకముందే మా ఏడో తరగతి పిల్లల నోట నువ్వే వినిపిస్తున్నావు. అందుకే ఈ లేఖ.

ఈ లెక్క చూడు. రవి దగ్గర లత కంటే 5 రూపాయలు ఎక్కువున్నాయి. రవి దగ్గరున్నవి 12. మరి లత దగ్గర ఎన్ని? నిన్ను నమ్మిన పిల్లలు ‘ఎక్కువ’ను పట్టుకుని 12కి 5 కలిపి 17 అంటారు. లత డబ్బు ‘ల’ అనుకుంటే ల + 5 = 12, కాబట్టి ల = 7. కూడిక ఉన్న మాట నిజమే. దేన్ని దేనికి కలపాలన్నదే అసలు లెక్క. దాని గురించి నువ్వు నోరు విప్పవు.

రెట్ల దగ్గర తడబాటు పెద్దవాళ్లకూ తప్పలేదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ బృందం 150 మంది మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థులను ఒక ప్రశ్న అడిగింది: ‘ఈ విశ్వవిద్యాలయంలో ఆచార్యుల కంటే విద్యార్థులు ఆరు రెట్లు. సమీకరణం రాయండి.’ 37 శాతం మంది తప్పు రాశారు. విద్యార్థులకు ‘వి’, ఆచార్యులకు ‘ఆ’ అని పెడితే, ఎక్కువగా వచ్చిన తప్పు 6వి = ఆ. ఆచార్యులు 10 మందైతే విద్యార్థులు 60 మంది. ఈ సంఖ్యలు వేసి చూస్తే 360 = 10 అని వస్తుంది, తప్పు బయటపడుతుంది. ‘వి’ అంటే విద్యార్థి కాదు, విద్యార్థుల సంఖ్య. సరైనది వి = 6ఆ.

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’లో తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు, పొట్టిగా ‘యా’ అని రాశాడు. సమస్యలో చెప్పిన క్రియలన్నీ దాని మీద జరిపి, రెండు పక్షాలు సిద్ధం చేసి, వాటిని సమం చేయమన్నాడు. అంటే ముందు సమస్య మొత్తం అర్థం కావాలి. ఏదో ఒక మాటను ఏరుకోవడంతో ఆ పని జరగదు.

ఒక్క వాక్యం లెక్కల్లో నువ్వు మార్కులు తెచ్చిపెడతావు. ఆ మార్కులు చూసే పిల్లలు నిన్ను నమ్ముతారు, చదవడం మానేస్తారు. నీతో నాకున్న తగవు అదే.

తోటి ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! ఈ చిట్కాను పిల్లల చేత వల్లె వేయించకండి. తెలియనిది ఏది, ఏది దేనికి సమానం అని అడగండి. సమీకరణం రాశాక ఒక సంఖ్య వేసి సరిచూడమనండి. లెక్కను రెండుసార్లు చదివే తీరిక పిల్లలకు ఇవ్వండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు