నిలువుకాళ్ళ కొలువు

2001 ఫిబ్రవరి మాసమున అమెరికాలోని యూటా రాష్ట్రమందు స్నోబర్డ్ అను మంచుకొండ విడిదిలో పదునేడుగురు సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి, ఏండ్లతరబడి దస్త్రములు పేర్చి తుదకు పనికిరాని ప్రోగ్రాములను ప్రసవించు పద్ధతులపై విసుగుచెంది, నాలుగు విలువలును పన్నెండు సూత్రములును గల యొక ప్రకటనను వెలువరించిరి. ఉపకరణములకంటె మనుష్యులును వారి పరస్పర సంభాషణయు మేలనియు, ఒడంబడికపై బేరములకంటె ఖాతాదారునితోడి సహకారము మేలనియు, మార్పు పని చివరిదశలో వచ్చినను దానిని స్వాగతింపవలయుననియు, జట్టులో సమాచారము చేరవేయుటకు ముఖాముఖి మాటలాడుటను మించిన మార్గము లేదనియు దాని సారము. ఎజైల్ అను పేర ప్రసిద్ధికెక్కిన ఈ శాస్త్రము పుట్టినగదిలోనే యుండిన, దానికి వంక పెట్టవలసిన పని మనకు లేకుండెను. అది ఏడు సముద్రములు దాటివచ్చి, రాత్రి తొమ్మిదిన్నరకు నల్లగొండజిల్లా దేవరకొండలో డాబాపై చెవులలో ఇయర్‌ఫోన్లతో నిలుచున్న కుఱ్ఱవానికి నిత్యకర్మయైన నాడే చిక్కు మొదలైనది.

ఆ కుఱ్ఱవాడు డాబా యెక్కుట వెన్నెలకై కాదు, సిగ్నలుకై. పిట్టగోడ మూలన మూడు గీతలు, మెట్ల దగ్గర ఒక్క గీత; కనుక మూలనే నిలుచును. తెరపై పదునాలుగు చతురస్రములు; అందు పదకొండింటిలో ముఖములు లేవు, పేర్లలోని తొలి అక్షరములు మాత్రమే కలవు. పదునైదు నిమిషములని చెప్పబడిన ఆ స్టాండప్ అను నిత్యసభ నలుబదియైదవ నిమిషమున నుండగా అతని వంతు వచ్చును. అతడు నోరు విప్పిన తోడనే, 'మ్యూట్‌లో ఉన్నారు' అని నలుగురొక్కసారి యందురు. మ్యూట్ తీసిన మరుక్షణమున క్రిందినుండి తల్లి, 'ఏం కొడుకా, ఇంక గాలేదా నీ మీటింగు? బువ్వ సల్లగైతుంది!' అని పిలుచును. కాలిఫోర్నియాయందలి సన్నీవేల్‌లోని మేనేజరు అది యొక బ్లాకరేమో, అనగా పనికి అడ్డంకియేమో యని శ్రద్ధగా నోట్ చేసికొనును. నిన్న ఏమి చేసితివి, నేడు ఏమి చేయుదువు, అడ్డంకులేమి అను మూడు ప్రశ్నలకు అతడు, నిన్న చేసినదే నేడును చేయుదుననియు, అడ్డంకులేవియు లేవనియు విన్నవించి, చల్లారిన అన్నముకడకు దిగిపోవును.

ఇందలి వింత యేమనగా, ఎజైల్ శాఖలలో నొకటైన స్క్రమ్ పద్ధతికి ప్రమాణగ్రంథమును రచించిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌లు 2020 నాటి కూర్పులో ఈ మూడు ప్రశ్నలను తామే తొలగించిరి. దేవుడు విడిచిపెట్టినను పూజారి విడువనట్లు, మన స్క్రమ్ మాస్టర్లు వానిని నేటికిని వల్లింపజేయుచునే యున్నారు. స్నోబర్డ్ ప్రకటనపై సంతకము చేసిన డేవ్ థామస్ 2014లోనే ఎజైల్ చచ్చినదని వ్యాసము వ్రాసెను. పోయినవారికి ఏడాదికొకమారు తద్దినము పెట్టుట లోకాచారము. మనము వారమునకు ఐదుమార్లు పెట్టుచున్నాము.

దూరమును ఉపకరణములు జయించినవని ఈ మతస్థులు వాదింతురు. ఉపకరణములకంటె మనుష్యులు మేలని చాటిన మతమునకు జిరా, టీమ్స్, జూమ్‌లు ప్రాణాధారములగుట యొక విచిత్రము. అదియట్లుండనిండు, సూర్యుని జయించిన ఉపకరణమేది? పాలమూరిలో ఉదయము పదిగంటలకు ఒక సందేహము పుట్టినచో, కాలిఫోర్నియాలో అప్పటికి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. దానిని తీర్పగల ప్రోడక్ట్ ఓనరు పక్క యెక్కుచుండును. సమాధానము మన రాత్రికి గాని రాదు. ఒక్కొక్క సందేహమునకు ఒక్కొక్క పనిదినము చెల్లింపవలసిన ఈ యేర్పాటులో, స్ప్రింటు అను పదిదినముల పనివిడతయందు నాలుగు సందేహములు పుట్టెనేని మిగిలిన పరుగెంతయో చదువరులే లెక్కకట్టుకొనవచ్చును. అంతటితో పోయెనా? నవంబరు తొలి ఆదివారమున అమెరికావారు గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుకొందురు. దానితో దేవరకొండ స్టాండప్ తొమ్మిదిన్నరనుండి పదిన్నరకు జరుగును. కాలిఫోర్నియా వెలుతురుతో నల్లగొండజిల్లా రాత్రిభోజనమునకు ముడివేసిన ఘనత ఈ శాస్త్రమునకే దక్కవలెను.

ఇక సహకారము సంగతి. ధరయు, గడువును, పనిపరిధియు మూడును ఒడంబడికలో ముందే బిగించి, పిమ్మట 'మనము ఎజైల్' అని ప్రకటించుట మన సేవా కంపెనీలలో చిరపరిచితమైన వ్యవహారము. అప్పుడు మార్పును స్వాగతించు బాధ్యత యొక పక్షముపై మాత్రమే పడును: ఖాతాదారుడు మార్చును, మనవాడు శనివారము స్వాగతించును. పని యెంతటిదో అంచనా కట్టుటకు 1, 2, 3, 5, 8, 13 అను అంకెల పేకముక్కలు పంచుదురు. చేయవలసినవాడు ఎనిమిదన్నచో, చేయనక్కరలేనివాడు 'ఐదు చాలదా?' యని మృదువుగా నడుగును, ఐదే స్థిరపడును. దీనిని ఏకాభిప్రాయమందురు.

ఈ స్టాండప్ తంతునకు సరియైన జోడు మనయొద్ద మునుపే కలదు. 2006లో ఉపాధిహామీ పథకము తొలివిడతగా వచ్చిన జిల్లాలలో నల్లగొండయు మహబూబ్‌నగరును ఉండెను. 2023 జనవరి 1 నుండి ఆ పనిస్థలములలో కూలీల హాజరును దినమునకు రెండుమార్లు ఫొటోలు తీసి మొబైల్ యాప్‌లో నెక్కింపవలెనని కేంద్రప్రభుత్వము విధించెను. అచ్చట దానిని మస్టరనిరి. కూలీలకును మేటుకును అందు భ్రాంతి లేదు. తవ్విన మట్టికిని తీసిన ఫొటోకును భేదము వారికి తెలియును. కెమెరా ఆన్ చేయుమని రాత్రివేళ కోరు మస్టరునకు మాత్రము 'స్వయంనిర్వాహక జట్టు' అని బిరుదమిచ్చితిరి!

ఆ 2023వ సంవత్సరముననే మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలోను, నల్లగొండ పట్టణములోను ఐటీ టవర్లు ప్రారంభమైనవి. మంచి మాటయే, పుట్టినయూరికి పని వచ్చుట కోరదగినదే. పాలమూరు కూలి అన్న పేరు దేశమంతట ఆనకట్టల గట్లపై వినబడిన సీమకు, వలసపోకుండ బ్రదుకుట యెంతటి భాగ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. కాని వచ్చినదేది, రానిదేది అని విచారింపవలదా? పని వచ్చినది, లాప్‌టాప్ వచ్చినది, అద్దాల మేడ వచ్చినది. ఏ పని ముందు, ఏది వెనుక, ఏది అనవసరమని తేల్చు అధికారము మాత్రము సముద్రమునకావలనే నిలిచిపోయినది. అది లేనిదే ఎజైల్ అనునది పదముల పట్టికయే. నాడు మనిషి వలసపోయెను. నేడు మనిషి ఇంటనే యుండగా అతని రాత్రి వలసపోవుచున్నది.

కావున సాహసించి ఒక సూచన చేయుచున్నాను. మన ఉదయము తొమ్మిదిగంటలు కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు పిమ్మట ఏడున్నరయే. ఆరునెలలు వారు రాత్రి కూర్చుండి, ఆరునెలలు మనము నిలుచుండిన ఖగోళశాస్త్రమునకు గాని ప్రోగ్రాములకు గాని భంగము వాటిల్లదు. ఈ మాటను స్ప్రింటు చివర రెట్రో అను సమీక్షలో పలికి చూడుడు. 'చక్కని ఆలోచన' యని మెచ్చుకొని, చేయవలసిన పనుల పట్టికయగు బ్యాక్‌లాగులో చేర్చి, దానికి పదుమూడు పాయింట్లు వేయుదురు.