లాభం లేని కరెంటు

బ్రిటన్ తీరం పొడవునా, లోపలి కాలువల వెంబడి కనిపించే మెరీనాలలో, అంటే సొంత పడవలను అద్దె మీద కట్టి ఉంచుకొనే రేవులలో, అన్నిటికంటె నిస్వార్థంగా అమ్ముడయ్యే సరుకు కరెంటేనని అక్కడి యాజమాన్యాలు చెబుతుంటాయి. పడవ నిలిచే చోటును బెర్త్ అంటారు. తెలుగువారికి రైలు ప్రయాణంలో పరిచయమైన ఆ మాటకు అక్కడ అర్థం రెండు తేలే వంతెనల మధ్య ఉండే నీటి జాగా. దాని అద్దెను పడవ పొడవును బట్టి మీటర్లలో లెక్కగడతారు. ఆ కొలతలో ముందుకు పొడుచుకొని వచ్చిన దూలాన్ని సైతం మరవకుండా కలుపుతారు. పడవను క్రేనుతో ఎత్తినందుకు, తిరిగి దించినందుకు, అడుగున పట్టిన నాచును కడిగినందుకు విడివిడిగా వసూలు చేస్తారు, వీటిలో లాభం ఉందని ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. కరెంటు ప్రస్తావన వచ్చేసరికి మాత్రం అదే వ్యాపారి హఠాత్తుగా సన్యాసం పుచ్చుకొని, తాను కొన్న ధరకే ఇస్తున్నానని ప్రకటిస్తాడు.

ఈ వైరాగ్యం పుట్టింది హృదయంలో కాదు, చట్టంలో. 1989 నాటి విద్యుత్ చట్టం 44వ సెక్షన్ ఇచ్చిన అధికారంతో అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ కరెంటు మారుబేరానికి ఒక గరిష్ఠ ధరను విధించింది. 2003 జనవరి 1 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం, కరెంటు కొని దానిని ఇంటి అవసరాల కోసం మరొకరికి అమ్మేవాడు, ఇంటి యజమాని అయినా మెరీనా అయినా, తాను చెల్లించిన ధరకు మించి ఒక్క పెన్నీ కూడా తీసుకోరాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దె ఇంట్లో సబ్ మీటర్ చూసుకొని బతికే తెలుగు పాఠకుడికి ఇది కృతయుగం నాటి నియమంలా తోచవచ్చు. ఇంటి మొత్తానికి ఒకే మీటర్ ఉన్నచోట అందరి వాడకం కలిసి పై స్లాబులోకి ఎగబాకినప్పుడు, ఆ పై స్లాబు రేటు అద్దెకున్నవారి వాటాకే ఎందుకు వస్తుందో, యజమాని వాటాకు ఎన్నడూ ఎందుకు రాదో వివరించే శాస్త్రం ఇంకా పుట్టలేదు. అయితే బ్రిటన్ నియమంలోనూ ఒక చిన్న కిటికీ ఉంది. గరిష్ఠ ధర కరెంటుకు, దాని స్థిర ఛార్జీకి మాత్రమే వర్తిస్తుంది; మీటర్లు చూడటం, తీగలు బాగుచేయడం, లెక్కలు రాయడం వంటి ఖర్చులను అమ్మేవాడు వేరే పద్దు కింద రాబట్టుకోవచ్చు. తలుపు మూసి ఉన్న ఇంట్లోకి లాభం ఆ కిటికీ గుండానే ప్రవేశిస్తుంది.

అద్వైతులు ఒకే తత్త్వానికి నామరూపాలు అనేకం అంటారు. మెరీనా లెక్కలలో ఆ తత్త్వం పేరు లాభం. యూనిట్ ధరలో దానిని వెదికేవాడికి అది కనబడదు. ఉదాహరణకు మెరీనా యూనిట్‌ను 25 పెన్స్‌కు కొని 25 పెన్స్‌కే అమ్ముతోందని, దానితో పాటు నెలకు 15 పౌండ్లు అనుసంధాన రుసుము పేరుతో తీసుకొంటోందని అనుకొంటే, బ్యాటరీ చార్జింగ్ తప్ప మరో వాడకం లేక నెలకు 20 యూనిట్లతో సరిపెట్టుకొనే పడవకు కరెంటు 5 పౌండ్లు, మొత్తం 20 పౌండ్లు పడుతుంది, అంటే యూనిట్ పౌండుకు వచ్చి చేరుతుంది. ధర నాలుగింతలైనా నియమానికి ఎక్కడా ఉల్లంఘన జరగలేదు, అమ్మినవాడి సన్యాసానికి భంగం కలగలేదు. ఖాళీ బెర్త్‌ల వాటాకు రావలసిన స్థిర ఛార్జీని ఉన్న పడవల మీద పంచితే లేని పడవలు కూడా కరెంటు తాగుతాయన్న అద్భుత సత్యం బయటపడుతుంది. ప్రీపెయిడ్ కార్డులు వాడే కొన్ని రేవులలో పడవ వెళ్లిపోయేటప్పుడు మీటరులో మిగిలిన సొమ్ము తిరిగి రాదు. దానిని ఏ పద్దులో చేర్చాలో మాత్రం అంత శ్రద్ధగా వివరించరు.

పన్ను దగ్గర ఈ వేదాంతం మరింత సూక్ష్మమవుతుంది. బ్రిటన్‌లో ఇంటి కరెంటు మీద విలువ ఆధారిత పన్ను 5 శాతం, వ్యాపారాలు కొనే కరెంటు మీద సాధారణంగా 20 శాతం; రోజుకు సగటున 33 యూనిట్లు మించని కొనుగోలును ఇంటి వాడకంగానే పరిగణిస్తారు. మెరీనా తాను కట్టిన 20 శాతాన్ని తన పన్ను లెక్కలలో తిరిగి రాబట్టుకోగలదు. కాబట్టి "కొన్న ధర" అన్నప్పుడు అది పన్నుతో కలిపిన ధరా, పన్ను తీసేసిన ధరా అని అడగడం పడవవాడి హక్కు. ఆ ప్రశ్నకు జవాబుగా సాధారణంగా లభించేది ఒక చిరునవ్వు.

ఇంతటి చర్చకు కారణమైన వస్తువు స్వరూపం కూడా తెలియాలి. వంతెన పక్కన నిలబెట్టిన పొట్టి స్తంభానికి నీలం రంగు సాకెట్ ఉంటుంది, పడవ నుంచి వచ్చే పొడవాటి కేబుల్‌ను దానికి తగిలిస్తారు. దీనినే గట్టు కరెంటు అనవచ్చు. సామాన్యంగా అది 230 వోల్టుల మీద 16 ఆంపియర్లు, అంటే 3.68 కిలోవాట్లు మాత్రమే ఇస్తుంది. 2 కిలోవాట్ల హీటర్ నడుస్తుండగా కెటిల్ పెట్టినవాడు చలిలో చీకట్లో బయటికి వచ్చి పడిపోయిన స్విచ్చిని తిరిగి పైకెత్తవలసిందే, ఆ స్తంభానికి తాళం ఉంటే తెల్లవారేదాకా కాచుకోవలసిందే. స్తంభం నుంచి కరెంటుతో పాటు ఎర్త్ వైరు కూడా వస్తుంది. ప్రాణరక్షణకు అది తప్పనిసరి. కానీ ఆ వైరు ద్వారా పక్కపక్కనున్న పడవల లోహపు భాగాలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోవడంతో, మధ్యనున్న ఉప్పునీరు పుణ్యమా అని రేవంతా ఒక పెద్ద బ్యాటరీగా మారుతుంది, పొరుగు పడవను కాపాడటానికి ఈ పడవ అడుగున బిగించిన జింకు ముక్కలు కరిగిపోతాయి. దానిని అడ్డుకొనే గాల్వానిక్ ఐసోలేటర్ అనే పరికరాన్ని పడవవాడే కొనుక్కోవాలి. తన దగ్గరికి వచ్చే కరెంటుకు డబ్బు కట్టి, తన దగ్గరి నుంచి పోయే లోహాన్ని ఉచితంగా దానం చేసే ఈ ఏర్పాటును ఏ మీటరూ నమోదు చేయదు. చేసి ఉంటే దానికీ ఒక రుసుము పుట్టేది.

పడవ ఉందంటే కోటీశ్వరుడే అయి ఉంటాడన్న నమ్మకం వల్ల ఈ గోడు ఎవరి చెవికీ ఎక్కదు. అద్దెలు భరించలేక ఇరుకైన కాలువ పడవలోకి కాపురం మార్చినవారు లండన్ చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు, వారి అసలు కష్టం 2022 చలికాలంలో తెలిసివచ్చింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఇళ్ల కరెంటు ధరను సగటున యూనిట్‌కు 34 పెన్స్ దగ్గర కట్టడి చేసింది. ఆ ధరకే అయినా 2 కిలోవాట్ల హీటర్‌ను రాత్రి 10 గంటలు నడిపితే 6 పౌండ్ల 80 పెన్స్, నెలకు 204 పౌండ్లు. పడవవాడికి ఆ కట్టడి కూడా నేరుగా దక్కలేదు, ఎందుకంటే అతని కరెంటు మెరీనా కుదుర్చుకొన్న వ్యాపార ఒప్పందం నుంచి వస్తుంది. వ్యాపారాలకు విడిగా ఇచ్చిన రాయితీని కింది వాడకందారులకు న్యాయంగా, సహేతుకంగా అందించాలని నిబంధనలు చేశారు. న్యాయమెంతో, సహేతుకమెంతో మొదట లెక్కించే బాధ్యతను మధ్యవర్తికే అప్పగించారు. ప్రతి ఇంటికీ ఆరు వాయిదాలలో ఇచ్చిన 400 పౌండ్ల సాయం కరెంటు కంపెనీతో సొంత ఖాతా లేని పడవల కాపురాలకు చేరలేదు, వారి దరఖాస్తుల పోర్టల్ 2023 ఫిబ్రవరి చివరలో, చలి సెలవు పుచ్చుకొనే వేళకు తెరుచుకొంది. స్థిరమైన బెర్త్ లేకుండా కాలువల వెంట తిరుగుతూ బతికేవారికి ఆ తలుపు కూడా తెరుచుకోలేదు.

అధిక వసూలు జరిగిందని తోచినవాడికి నియమం దారి చూపింది. లెక్క ఎలా కట్టారో చెప్పమని అతడు అడగవచ్చు, ఎక్కువ తీసుకొన్నట్టు తేలితే సివిల్ కోర్టులో దావా వేసి రాబట్టుకోవచ్చు. నియమం చేసిన ఆఫ్‌జెమ్ మాత్రం ఇటువంటి తగాదాలలో తీర్పరిగా కూర్చోదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఇక్కడ తిరగబడింది, ఎందుకంటే ఈ పడవ ఏరు దాటేది కాదు, అక్కడే కట్టి ఉండేది, దాని యజమాని అన్నాళ్లూ మల్లన్నకు మొక్కుతూనే ఉండాలి. బెర్త్ ఒప్పందం సాధారణంగా ఏడాదికే. దానిని పొడిగించి తీరాలన్న నిర్బంధం మెరీనాకు చాలా చోట్ల లేదు. మార్చిలో లెక్క అడిగినవాడికి ఏప్రిల్‌లో జాగా ఖాళీ లేదన్న కబురు వస్తుందేమో అన్న భయంతో పడవవాడు కార్డులో మరో 20 పౌండ్లు వేయించుకొని లోపలికి పోయి హీటర్ పెట్టుకొంటాడు, యాజమాన్యం మాత్రం కరెంటును కొన్న ధరకే ఇస్తున్నామనడానికి సాక్ష్యంగా ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని చూపిస్తుంది.