చేప తేగానే సీక్వెన్సింగ్‌కు పంపకండి

చేప ల్యాబుకు రాగానే శాంపిల్ పంపెయ్యమని మీ గైడ్ తొందరపెడతారు. మాట వినకండి. ఒక నెల ఆలస్యమైతే అవుతుంది, ఆ నెల చేపకివ్వండి.

తెలంగాణ రాష్ట్ర చేప కొరమీనునే తీసుకుందాం. మార్కెట్లో తొట్టిలో ఈదుతున్నది కొనొద్దు. అది ఏ చెరువుదో, ఎక్కడి పిల్లను తెచ్చి పెంచారో అమ్మేవాళ్ళకే తెలియకపోవచ్చు. జాలరి వెంట వెళ్ళి పట్టించండి, చోటూ తేదీ రాసుకోండి. ముందు రెక్క ముక్క కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి, ఆ తర్వాతే చేపను ఫార్మలిన్‌లో పెట్టాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు. చేప ఉన్న ఆ ఫార్మలిన్ సీసాకు చీటీ అంటించి భద్రపరచండి. నా దృష్టిలో సీక్వెన్స్ కన్నా సీసాయే విలువైనది. రేపెవరైనా ఇది నిజంగా కొరమీనేనా అని అడిగితే చూపించాల్సింది దాన్నే.

మైటోకాండ్రియా డీఎన్ఏ సీక్వెన్స్ వచ్చాక సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో జన్యువులన్నీ గుర్తించి పెడుతుంది. మీరు మాత్రం కాగితం తీసుకుని గుండ్రంగా గీసి, 37 జన్యువులనూ చేత్తో నింపండి. ప్రోటీన్లవి 13, టీఆర్ఎన్ఏలవి 22, ఆర్ఆర్ఎన్ఏలవి 2. దాదాపు 16,500 అక్షరాల వలయమిది, ఓపిగ్గా కూర్చుంటే అయిపోతుంది. కాక్స్1 జన్యువు చాలా చేపల్లో ఏటీజీతో కాక జీటీజీతో మొదలవుతుంది. ఎన్‌డీ6 ఎదురు పోగు మీద ఉంటుంది. మామూలుగా ఆగమని చెప్పే టీజీఏ ఇక్కడ ట్రిప్టోఫాన్‌కు గుర్తు. కొన్ని జన్యువుల చివర ఉత్త టీ మాత్రమే కనిపిస్తుంది, మిగతా రెండు ఏలు ఆర్ఎన్ఏ తయారయ్యాక చేరతాయి. ఇవన్నీ చేత్తో గీసినవాళ్ళకే మనసులో నిలుస్తాయి. జన్యువు మధ్యలో అసలైన స్టాప్ కనబడితే, మీ చేతికొచ్చింది కేంద్రకంలో చిక్కుకున్న పాత నకలేమోనని అనుమానించి మళ్ళీ చేయించండి. ఖర్చవుతుంది, కానివ్వండి.

హేచరీ చేపల విషయంలో ఇంకా మొండిగా ఉండండి. బొచ్చెకూ శీలావతికీ సంకరం పుడుతుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక, తల్లి శీలావతి అయితే సీక్వెన్స్ శీలావతి అనే చెబుతుంది, తండ్రి ఊసే ఎత్తదు. అందుకే హేచరీ చేప రిపోర్టులో జాతి పేరు రాసి ఊరుకోకండి. ఇది తల్లి వైపు వంశం మాత్రమేనని పక్కనే రాయండి.