హ్యాండిల్‌బాబు

ఖాజాగూడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా శనివారం పొద్దున ఒకడు కనిపిస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని, ఆలెన్ కీతో బండి ముందుభాగం విప్పుతుంటాడు. మొదట్లో వాచ్‌మన్ "బండి ఖరాబైందా సార్?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు. బండి నిక్షేపంగా ఉంది. ఖరాబైంది సారు మణికట్టు.

ఇతన్ని హ్యాండిల్‌బాబు అందాం. అసలు పేర్లు బోలెడు, అన్నీ ఐడీ కార్డుల మీద మెడల్లో వేలాడుతున్నాయి.

కథ షోరూంలోనే మొదలైంది. 2018 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ మన దేశంలో ఒకేసారి రెండు బళ్లు దింపింది: ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650. రెంటికీ ఇంజను ఒకటే, 648 సీసీ, జంట సిలిండర్లు. తేడా అంతా కూర్చోవడంలో. మొదటిదాని మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. రెండోదానికి హ్యాండిల్ కిందుగా, ఫోర్కు గొట్టాలకే బిగించి ఉంటుంది, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి, మనిషి ట్యాంకు మీదికి వంగాలి. వచ్చిన కొత్తలో ఇంటర్‌సెప్టర్ షోరూం ధర రెండున్నర లక్షలు, జీటీ అంతకు పదిహేను వేలు ఎక్కువ. హ్యాండిల్‌బాబు రెంటినీ షోరూం చుట్టూ చెరో రౌండు తిప్పి, అద్దాల గోడలో తన నీడ చూసుకుని, ఆ పదిహేను వేలూ అదనంగా కట్టి మరీ వంగాడు.

ఆ వంగడానికి పెద్ద వంశవృక్షమే ఉంది, హ్యాండిల్‌బాబు లంచ్ టేబుల్ దగ్గర అడక్కుండానే చెబుతాడు. లండన్‌లో 1938లో తెరిచిన ఏస్ కేఫ్, యాభైల్లో అరవైల్లో అక్కడ చేరిన కుర్రాళ్లు, వాళ్లు హ్యాండిల్ కిందికి దించి రాత్రిళ్లు వేసిన పందేలు. అంతా నిజమే. చెప్పకుండా వదిలేసేది ఒక్కటే. ఆ భంగిమకు గాలి కావాలి. బండి వేగం అందుకుంటే ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది, వంగిన ఒంటి బరువు కొంత ఆ గాలి మోస్తుంది, చేతులు తేలికపడతాయి. వేగం లేకపోతే మోసేది అరచేతులే.

హ్యాండిల్‌బాబు ఇల్లు ఖాజాగూడ, ఆఫీసు రాయదుర్గం. మధ్యలో బయోడైవర్సిటీ జంక్షన్. అక్కడ గాలి అంటే పక్కనున్న క్యాబ్ ఏసీ వదిలే వేడి. క్లచ్ పట్టు, రెండు గజాలు జరుగు, కాలు దింపు, మళ్లీ పట్టు. పక్కనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, కావలసినంత గాలి ఉంది, టూవీలర్లకు మాత్రం ప్రవేశం లేదు. ఇటుపక్క ఖాజాగూడ గుట్ట. ఆ గ్రానైట్ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటారు. సాయంత్రం ఆరున్నరకు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే, కదలిక విషయంలో వాటికీ తనకూ పెద్ద తేడా కనిపించదు.

నెల తిరక్కుండా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. డాక్టరు దగ్గరికి వెళ్లడం హ్యాండిల్‌బాబు స్వభావం కాదు. ఫోన్లో వీడియోలు చూసి అల్నర్ నరం నొక్కుకుపోయిందని తేల్చుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే మీడియన్ నరమని మాకూ నేర్పాడు. ఆపైన త్రిభుజం వచ్చింది. హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్టు, ఈ మూడు బిందువుల మధ్యే రైడరు సుఖదుఃఖాలన్నీ ఉన్నాయని, ఒకదాన్ని కదిలిస్తే మిగతా రెండూ కదులుతాయని టిష్యూ పేపరు మీద గీసి చూపించాడు. గీస్తున్నంతసేపూ అతను కూర్చున్న ఆఫీసు కుర్చీ, చేరిన రోజు ఏ ఎత్తున ఉందో ఆ ఎత్తునే ఉంది. దాని కింద ఒక లివర్ ఉంటుందని అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆదివారం పుత్లీబౌలిలో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. మెకానిక్ పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "హ్యాండిల్ సంగతి తర్వాత సార్, ముందుగాల లివర్లు తిప్పి చూస్కోండ్రి" అన్నాడు. క్లచ్, బ్రేకు లివర్ల బిగింపు కొంచెం వదులుచేసి కిందికి వంచితే, మోచేతి నుంచి వేళ్ల దాకా చెయ్యి ఒకే గీతలో ఉంటుంది, మణికట్టు మడత పడదు. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకుంటే చేతుల మీద బరువు ఇంకా తగ్గుతుంది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఐటీ కారిడార్ మణికట్లలో సగం ఈ రెండు నిమిషాలతోనే బాగుపడతాయని నా నమ్మకం. కానీ పైసా ఖర్చు లేని వైద్యం హ్యాండిల్‌బాబుకు వైద్యంలా అనిపించదు.

"ఇంటర్‌సెప్టర్ హ్యాండిలే వెయ్యి భాయ్" అన్నాడు.

"ఎక్కుతది సార్. గని పైన టీ మార్చాలె. టీ మారిస్తె ఈ వైర్లు ఆడిదాక రావు."

అలా ఫోర్కు గొట్టాలను పైన కలిపి పట్టే ఆ టీ మారింది. క్లచ్ వైరు మారింది. యాక్సిలరేటర్ వైరు పాతదే సర్దుకుంటుందని హ్యాండిల్‌బాబు పట్టుబట్టాడు. పెద్దాయన మాట్లాడకుండా ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను చివరికంటా తిప్పి చూపించాడు. వైరు బిగిసి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే ఇంజను రేజ్ అయింది. యూటర్న్ మధ్యలో ఇదే జరిగితే ఎటు పోతాడో హ్యాండిల్‌బాబు కళ్ల ముందు కనిపించింది. అదీ మారింది. బ్రేకు గొట్టమూ మారింది.

సోమవారం మణికట్టు నొప్పి పోయింది. మంగళవారం ముడ్డిపూస నొప్పి వచ్చింది. ఎందుకు రాదు? నిటారుగా కూర్చున్నవాడి బరువంతా సీటు మీదే. రోడ్డు మీది ప్రతి గుంతా చేతుల దాకా రాకుండా నేరుగా వెన్నుపూసకే ఫిర్యాదు చేసుకుంటుంది. పైగా కాళ్లు మాత్రం ఇంకా వెనకే ఉన్నాయి, పై సగం ఇంటర్‌సెప్టర్, కింది సగం జీటీ. త్రిభుజం ఊరుకోదు కదా. ఫుట్‌రెస్టులు మారాయి. సీటు మారింది. వేళ్లకు వణుకు తెలియకూడదని హ్యాండిల్ చివర్లకు బరువులు చేరాయి. చివరికి బండిలో కాంటినెంటల్ జీటీ అనగలిగింది ట్యాంకు ఒక్కటే మిగిలింది. పదిహేను వేలు ఆదా చేసి షోరూంలోనే కొనుక్కోదగ్గ బండిని అతను భాగాలుగా కొనుక్కున్నాడు. ఈ మాట అతనితో ఎవరూ అనరు. నేనూ అనలేదు.

సిగ్నల్ దగ్గర అతని పక్కన రోజూ ఎవరో ఒక డెలివరీ కుర్రాడు స్ప్లెండర్ మీద ఆగుతాడు. ఆ బండి 1994లో వచ్చింది. దాని హ్యాండిల్ గురించి ఎవరూ టిష్యూ పేపర్ల మీద బొమ్మలు గీసినట్టు లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా దాని మీదే ఉండే కుర్రాడు చేసుకున్న మార్పల్లా సీటు మీద మడతపెట్టిన ఒక తువ్వాలు. వాడి నడుము నొప్పి సంగతి ఎవరూ అడగరు, వాడూ చెప్పడు, అది వేరే వ్యాసం. వాడు మాత్రం హ్యాండిల్‌బాబు బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "మైలేజ్ ఎంతిస్తదన్నా?" అంటాడు. హ్యాండిల్‌బాబు ఆఫీసు దారిలో వచ్చేది చెప్పడు. చేవెళ్ల రోడ్డులో వచ్చింది చెబుతాడు.

చేవెళ్ల రోడ్డంటే ఆదివారం తెల్లారకముందు వికారాబాద్ వైపు, దారి పక్క మర్రిచెట్ల కింద నుంచి అనంతగిరి దాకా. అక్కడ బండి పాడుతుంది, గాలి ఛాతీకి తగులుతుంది, హ్యాండిల్‌బాబు నిజంగా సుఖపడతాడు. విచిత్రమేమిటంటే ఆ దారికి పాత హ్యాండిలే సరిగ్గా సరిపోయేది. పెరిగిన వేగానికి కొత్త భంగిమలో ఛాతీ తెరచాపై, హ్యాండిల్ పట్టుకుని వేలాడవలసి వస్తోంది. ఈ మధ్య మళ్లీ పాత హ్యాండిల్ బయటికి తీసి తుడుస్తున్నాడు.

ఇంత పరిశోధనలో లెక్కకు రాని బిందువు ఒకటుంది. వెనక సీటులో అతని భార్య. హ్యాండిల్ రెండంగుళాలు వెనక్కి వచ్చినప్పుడల్లా అతనూ రెండంగుళాలు వెనక్కి జరిగాడు, ఆమె టెయిల్ లైటు వైపు జరిగింది. బండికి సుఖం చేకూరే కొద్దీ ఆమెకు సీటు తరిగింది. ఒకరోజు ఆమె ఏమీ అనకుండా వెళ్లి ఎలక్ట్రిక్ స్కూటర్ ఒకటి బుక్ చేసుకుని వచ్చింది.

వానాకాలంలో జీటీ తడవకూడదని హ్యాండిల్‌బాబు ఆమె స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. వానలు ఆగాయి, వెళ్లడం ఆగలేదు. క్లచ్ లేదు, కాళ్లు ముందు చాపుకోవచ్చు, మణికట్టూ ముడ్డిపూసా రెండూ ఊరుకున్నాయి. నొప్పుల ఊసే లేకుండా ఒక నెల గడిచింది. ఇంట్లో అందరికీ ఇది కొంచెం భయం కలిగించింది.

మొన్న శనివారం ఆమె కూరగాయలకని సెల్లార్‌లోకి దిగేసరికి, స్కూటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని హ్యాండిల్‌కు టేపు పట్టుకుని కొలుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదు. దీనికి ఒక్క అంగుళం రైజర్ పడితే..."

ఆమె టేపు లాక్కుని, స్కూటర్ తాళం జేబులో వేసుకుని, కూరగాయల సంచి అతని చేతిలో పెట్టింది.

"నడిచి వెళ్లు. నిటారుగా నడువు."