సిట్రా షడ్డకుడు

మా షడ్డకుడు బీరు తాగడు. ఈ మాటంటే మా మరదలు పడీపడీ నవ్వుతుంది గానీ, నాలుగు నెలలు వాళ్ళింట్లో ఉండి కళ్ళారా చూసి చెబుతున్నాను. అతను బీరును వెలుతురుకు ఎత్తి చూస్తాడు, డబ్బా అడుగున అచ్చేసిన తేదీ చదువుతాడు, గ్లాసులో ముక్కు పెడతాడు, ఫోనులో ఏదో రాసుకుంటాడు, ఎదురుగా ఉన్నవాడికి ఉపన్యాసం ఇస్తాడు. ఇదంతా అయ్యేసరికి నురగ చచ్చిపోతుంది. అప్పుడు ఒక్క గుక్క వేసి, "ఇప్పుడు కాస్త చల్లదనం తగ్గింది, అసలు వాసన ఇప్పుడే విచ్చుకుంటుంది" అంటాడు. ఈలోగా నాది అయిపోయి ఉంటుంది. నా ఖాళీ గ్లాసు వంక అతను చూసే చూపులో, విస్తట్లో పరమాన్నం వడ్డించకముందే లేచిపోయిన పెళ్ళివారి మీద ఉండేంత జాలి ఉంటుంది.

ఇతను పెళ్ళిచూపుల్లో కాఫీ కూడా వద్దని మంచినీళ్ళు అడిగిన బుద్ధిమంతుడు. మా మామగారు ఆ మంచినీళ్ళకే పడిపోయారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు అదే ఇంట్లో, అదే కుర్చీలో కూర్చుని నేను రెండు కాఫీలు తాగాను. ఆ తేడా ఆయన నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటారు. మంచినీళ్ళ అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళాడు, సియాటిల్ పక్కన బాతెల్‌లో ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి గరాజు బయట ఇవాళ కారు ఉంటుంది, లోపల బీరు ఫ్రిజ్ ఉంటుంది. దానికి వేరే థర్మామీటరు. మా మరదలు దోసెల పిండికి అందులో ఒక మూల చోటిమ్మని మూడేళ్ళుగా అడుగుతోంది. పిండి వాసన హాప్స్‌కు పడుతుందని అతని భయం.

హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూత. పెద్ద తీగకు చిన్న చిన్న ఆకుపచ్చ బుడిపెల్లా కాస్తుంది. ఆడ తీగది మాత్రమే పనికొస్తుంది. విప్పి చూస్తే లోపల పసుపు పుప్పొడి లాంటిది ఉంటుంది, అసలు సరుకంతా అదే. వృక్షశాస్త్రం ప్రకారం ఈ తీగ గంజాయికి దగ్గరి చుట్టం. ఈ సంగతి నేను భోజనాల దగ్గర మా ఆవిడకు చెప్పడం, ఆవిడ అదే రాత్రి బాపట్లలో పుట్టింటికి ఫోను చేయడం, మర్నాడు మామగారు చిన్నల్లుడికి ఫోను చేయడం జరిగాయి. నేను కావాలని చెయ్యలేదు.

మేం వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం నాకిచ్చింది వడకట్టని బత్తాయిరసంలా ఉంది. మా ఆవిడ రసమే అనుకుని తనకూ ఒక గ్లాసు పొయ్యమంది. దీన్ని హేజీ అంటారట, మసకగా ఉండటమే దాని గొప్పట. గుక్క వేశాను. ముందు బత్తాయి, వెనకనే కాకరకాయ.

"బాగుంది" అన్నాను.

అదే నేను చేసిన పొరపాటు.

"బాగుందంటే ఎలా అన్నయ్యా? ఏం తగిలింది?"

"చేదు తగిలింది."

"కూర్చోండి అన్నయ్యా" అన్నాడు.

నేను అప్పటికే కూర్చునే ఉన్నాను. తర్వాత నాకు తెలిసొచ్చిందేమిటంటే, 'కూర్చోండి అన్నయ్యా' అన్నది మర్యాద కాదు, గంట కొట్టడం. పీరియడ్ మొదలైందని అర్థం. ఆ రోజు పాఠంలో గ్రేప్‌ఫ్రూట్, లీచీ, ప్యాషన్‌ఫ్రూట్, పైన్ చెట్టు జిగురు, చివర మామిడి వచ్చాయి. మామిడి దగ్గర నేను ఊరుకోలేకపోయాను. "ఏ మామిడి? రసమా, బంగినపల్లా?" అని అడిగాను. పదేళ్ళుగా బీరులో మామిడి వెతుకుతున్నవాడికి ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు కాబోలు, ముక్కు గ్లాసులో పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. మర్నాడు అతని ఫోనులో చూశాను. 'బంగినపల్లి, కొంచెం పచ్చిది' అని రాసుకున్నాడు.

ఇంతమాత్రం చేత ఇతను పండ్ల ప్రియుడనుకునేరు. ఇంట్లో కమలాపళ్ళు ఎండిపోతున్నా ముట్టడు. బీరులో పండు వేస్తే అసలు సహించడు. ఒకరోజు హోటల్లో నేను గోధుమ బీరు చెప్పుకుంటే, గ్లాసు అంచుకు నారింజ చెక్క గుచ్చి తెచ్చారు. నాకు ముచ్చటేసింది, పిండి తాగాను. మా షడ్డకుడి మొహం ఆవకాయలో ఎవరో పంచదార కలుపుతుంటే చూసినట్టయింది. పండు వేసి పండు వాసన తెప్పించడం ఎవడైనా చేస్తాడట. పువ్వులోంచి పండు రావాలట. బీరులో కమలాపండు వెయ్యడం నేరం, కమలాపండు వాసన లేకపోవడం అంతకన్నా నేరం. ఈ శాస్త్రం నాకు ఇంతవరకూ ఒంటబట్టలేదు.

కానీ ఆ గోధుమ బీరు కథ మాత్రం నాకు నచ్చింది, అది చెప్పిందీ అతనే. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊరుంది. అక్కడ ఎండబెట్టిన నారింజ తొక్కా, ధనియాలూ వేసి తెల్లటి గోధుమ బీరు కాచేవారు. కాచేవాళ్ళు ఒక్కొక్కరే మూసేసి చివరికి ఆ బీరే లేకుండా పోయింది. 1960ల్లో పియర్ సెలిస్ అనే పాలవాడు, బీరు కాచే ఇంట్లో కుర్రతనంలో చేసిన చాకిరీ గుర్తుపెట్టుకుని, దాన్ని మళ్ళీ పుట్టించాడు. పాలవాడు! ధనియాలూ, పులుపు తొక్కా, సన్నటి మంటా. "ఇది బీరు కాదయ్యా, మన చారు" అన్నాను ఆనందంగా. అతను నొచ్చుకున్నాడు. 1516లో బవేరియాలో చట్టం చేశారనీ, బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప బీరులో ఏమీ ఉండకూడదన్నారనీ చెప్పాడు. అతని చేతిలో ఉన్న డబ్బా తీసుకుని కళ్ళజోడు సవరించుకుని చదివాను. అందులో ఓట్స్ ఉన్నాయి. గోధుమలూ ఉన్నాయి. మా షడ్డకుడికి అర్జంటుగా గరాజులో పని గుర్తొచ్చింది.

ఇంకోసారి, చేదెక్కడినుంచి వస్తుంది, వాసన ఎక్కడినుంచి వస్తుంది అన్నది కాగితం మీద బొమ్మలు గీసి ముప్పావుగంట చెప్పాడు. హాప్స్‌ను ముందే వేసి బాగా మరగనిస్తే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. చివర్లో వేస్తే వాసన మిగులుతుంది. పూర్తిగా చల్లారి, పులిశాక వేస్తే చేదు పెద్దగా రాకుండా వాసనే వస్తుంది, దీన్ని డ్రై హాపింగ్ అంటారు. వంటింట్లోంచి మా ఆవిడ, "చారు దింపాక కొత్తిమీర వేసినట్టన్నమాట" అంది. ముప్పావుగంట పాఠం నాలుగు మాటల్లో అయిపోయేసరికి అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నిజంగా జాలేసింది.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. హాప్స్ వంశవృక్షాలు విప్పితే మాత్రం ఇతన్ని మించిన పెళ్ళిళ్ళ పేరయ్య లేడు. ఈ మోజంతటికీ మూలపుటమ్మ కాస్కేడ్. ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఒరెగాన్‌లో పెంచి 1972లో విడుదల చేసింది. అంతకు ముందు అమెరికా బీరుకు ముక్కూ మొహం లేదంటాడు. 1980లో కాలిఫోర్నియాలో చీకో అనే ఊళ్ళో సియెరా నెవాడా వాళ్ళు ఆ హాప్‌తో పేల్ ఏల్ కాచాక ఊరూరా నిమ్మజాతి వాసన మొదలైంది. సిమ్‌కో 2000లో వచ్చింది. దాని కూతురు మొజాయిక్, 2012. మధ్యలో సిట్రా వచ్చి ఇంటి పెత్తనం తీసుకుంది. తండ్రివైపు ఎవరు, తల్లివైపు ఎవరు అన్నీ నోటికే. సొంత మేనమామ కూతురి పేరు అడగండి, భార్య మొహం చూస్తాడు.

ఈమధ్య సిట్రా కూడా అతనికి చులకనైపోయింది. కారణం, అందరూ తాగుతున్నారు. ఇప్పుడింకా పేరు పెట్టని రకాల వెనక పడ్డాడు. వాటికి నంబర్లే ఉంటాయి. సిట్రా కూడా నామకరణానికి ముందు హెచ్‌బీసీ 394. స్నేహితులు వస్తే వీళ్ళు నంబర్లతోనే మాట్లాడుకుంటారు. వింటుంటే నాకు మామగారి అరుగు గుర్తొచ్చింది. అక్కడా అంతే, "ఈసారి ఐదువేల రెండువందల నాలుగు వేశావా, ఏడువేల ఇరవైతొమ్మిదా?" అని సాగేది సంభాషణ. ఒకటి సాంబ మసూరి, రెండోది స్వర్ణ. తేడా ఏమిటంటే, వాళ్ళకు నీళ్ళూ తెగుళ్ళూ గురించి బెంగ ఉండేది. వీళ్ళకు లీచీ తగిలిందా లేదా అన్నదే.

ఇక పిల్లి సంగతి. ఒకరోజు ఒక గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టి, "కొంచెం పిల్లి తగుల్తోందా అన్నయ్యా?" అన్నాడు. తగిలింది. మా మేడ మీద వర్షాకాలంలో తగిలే పిల్లే. విసుక్కుంటాడేమోనని చూస్తే కళ్ళు మూసుకుని తన్మయుడై ఉన్నాడు. గ్రేప్‌ఫ్రూట్‌కు ఆ వాసన తెచ్చే గంధక పదార్థాల కుటుంబంలోదే పిల్లి వాసన కూడానట, కొన్ని హాప్స్‌లో అది రవ్వంత ఉంటే పండు వాసన, రవ్వ ఎక్కువైతే పిల్లి. బీరు గురించి నేను విన్న మాటలన్నింటిలో నన్ను ఒప్పించింది ఇదొక్కటే.

సెప్టెంబరులో యాకిమా తీసుకెళ్ళాడు. కారులో రెండున్నర గంటలు. స్నోక్వాల్మీ కనుమ దాటేదాకా పచ్చటి అడవి, వాన. దాటి దిగితే ఉన్నట్టుండి మన అనంతపురం కొండలు, గోధుమరంగు, బోడివి. ఆ ఎండిన కొండల నడుమ కాలువ నీళ్ళతో పచ్చటి లోయ. అమెరికాలో పండే హాప్స్‌లో నూటికి డెబ్బై పాళ్ళకు పైగా ఈ ఒక్క రాష్ట్రంలోనే, అదీ ఈ లోయలోనే. పద్దెనిమిది అడుగుల కర్రలు, పైన తీగలు, ఆ తీగల నుంచి వేలాడే తాళ్ళ మీదుగా పాకిన హాప్స్. మా వైపు తమలపాకు తోటలో నడిచినట్టే ఉంది, అదే చల్లదనం, అదే పచ్చటి చీకటి. తోట మొదట్లోనే పొలం మనిషి ఒక గుప్పెడు బుడిపెలు కోసి ఇచ్చాడు.

అక్కడ మా షడ్డకుడు మారిపోయాడు. ఉపన్యాసం లేదు, ఫోను లేదు. రెండు అరచేతుల మధ్య బుడిపెలు నలిపి, పసుపు అంటుకున్న చేతులు మొహానికి కప్పుకుని అలా నిలబడిపోయాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా తన చేతులు నా మొహం ముందు పెట్టాడు.

దబ్బాకు.

మా అమ్మ వేసవి మధ్యాహ్నం మజ్జిగ కుండలో దబ్బాకు నలిపి వేసేది. అచ్చంగా అదే. ఆకు, తొక్క, జిగురు మూడూ కలిసిన వాసన. చాలాసేపు నాకూ మాట రాలేదు. రాగానే మాత్రం చెడింది. "ఇది గ్రేప్‌ఫ్రూట్ కాదయ్యా, దబ్బ" అన్నాను. "సిట్రస్సే కదా అన్నయ్యా" అన్నాడు. సిట్రస్సే కదా! నిమ్మ వేరు, దబ్బ వేరు, నారదబ్బ వేరు, గజనిమ్మ వేరు. తొక్క మందం వేరు, చేదు వేరు, ఉప్పులో ఊరాల్సిన రోజులు వేరు. తిరుగు దారిలో కొండలు వెనక్కు పోతున్నాయి, అడవి వచ్చింది, వాన వచ్చింది, నేను చెబుతూనే ఉన్నాను. వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గుసగుసలాడుకుని నవ్వుకున్నారు. "మీ ఇద్దరినీ ఒకే బడిలో చేర్పించారే నాన్న" అంది మా మరదలు. నేను పట్టించుకోలేదు, అప్పుడు ఉప్పు పాళ్ళ దగ్గర ఉన్నాను.

ఇంకొకటి దాచాను. వెళ్ళిన వారంలోనే, వాళ్ళింటికి భోజనానికి వచ్చిన ఒక పెద్దమనిషి నేను తీసుకెళ్ళిన దబ్బకాయ ఊరగాయ వేసుకుని, "నిమ్మకాయ బాగుందండీ" అన్నాడు. మంచి మాటే అన్నాడు పాపం. ఆయన పెరుగన్నం చల్లబడిపోయేదాకా నేను వదల్లేదు. ఆయన మళ్ళీ రాలేదని మా మరదలు చెప్పింది. బీరు ఉపన్యాసాల వల్ల రాలేదని ఇన్నాళ్ళూ నేను అందరితో అంటూ వచ్చాను.

వచ్చేటప్పుడు మా షడ్డకుడు నాకు ఏమిచ్చాడో చెప్పను, కస్టమ్స్ వాళ్ళు చదువుతారేమో. నేను అతనికి ఇచ్చింది మాత్రం ఊరగాయ సీసాలో మిగిలిన సగం. దాన్ని బీరు ఫ్రిజ్‌లో పెట్టాడట. దోసెల పిండికి దొరకని చోటు దొరికిందని మా మరదలు ఫోనులో మండిపడింది.

ఊరొచ్చిన మూడోరోజు పొద్దున్న పెరట్లో దబ్బచెట్టు దగ్గర నిలబడి, ఒక ఆకు తుంచి అరచేతుల్లో నలిపి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పాలబ్బాయి గేటు దగ్గర క్యానుతో నిలబడి చూస్తున్నాడు. చేతులు అతని ముక్కు దగ్గర పెట్టాను.

"ఏం తగిలిందిరా?"

వాడు ఒకసారి నన్ను చూసి, ఒకసారి వాసన చూసి, "నిమ్మాకే కదండీ" అన్నాడు.

"క్యాను కింద పెట్టు" అన్నాను. "కూర్చో."