గీతలూ మాఫీయే!

విద్యుత్ కారు కొంటే తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను మాఫీ. సంతోషం. మరి సికింద్రాబాద్ ప్యాట్నీ దగ్గర తెల్లగీతల్ని మాఫీ చేసిందెవరు?

గీత చూసుకుని నడిచే కొత్తరకం కారుకు అక్కడ కళ్లు కాయలు కాస్తాయి. రేతిఫైల్ బస్టాండు ముందు అది మర్యాదగా బ్రేకేసి జానెడు సందిస్తే, ముందు ఆటో, దాని వెనక సైకిలు, ఆ వెనక అరటిపళ్ల బండి దూరతాయి. పాపం, మళ్లీ బ్రేకు! ఈ లెక్కన యజమాని ఇల్లు చేరేది తెల్లారాకే.

డ్రైవరు లేని బళ్ల పరీక్షకు కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లు ‘టిహాన్’ ట్రాకు కట్టి, కృత్రిమ వాన కూడా ఏర్పాటు చేశారు. అంత ఖర్చెందుకండీ? జూలై వానలో సికింద్రాబాద్ ఒలిఫెంటా బ్రిడ్జి కిందికి తోలండి, పడవ పరీక్ష కూడా అయిపోతుంది!