గడగడ శాస్త్రము

ఇక మీదట కామ్‌షాఫ్టుతో పనిలేదట. ఇంజను విప్పనక్కరలేదు, వాల్వు స్ప్రింగులు మార్చనక్కరలేదు, చేతికి నూనె మరక అంటనక్కరలేదు. కంప్యూటరునకు నాలుగు అంకెలు నేర్పి, ఐడిల్‌లో ఇగ్నిషన్ టైమింగును ముందునకును వెనుకకును ఊపినచో, కార్ఖానానుండి నెమ్మదిగా, మర్యాదగా తిరుగుచు వచ్చిన ఇంజను అప్పటికప్పుడే తడబడుచు, పొర్లుచు, మరుక్షణమున ఆగిపోవుదునని బెదరించుచు, పందెపు బండివలె గడగడలాడునట. ఈ ఘోస్ట్ కామ్ మహత్త్వమును గూర్చి పాఠకులకు నేను విన్నవింపవలసినది లేదు; ఆగస్టు మాసములో ఇచ్చట మిచిగన్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చున్న ప్రతివాని చెవికిని అది సోకియేయుండును. 1995 మొదలు ఏటేట అచ్చట జరుగు ఆ కార్ల ఊరేగింపులో పూర్వము బండ్లు పోవుచుండగా జనము చూచెడివారు. ఇప్పుడు బండ్లు నిలిచియుండగా జనము వినుచున్నారు.

నాకు ఘోస్ట్ కామ్‌పై కోపము లేదు. నిజమునకు ఈ వ్యవహారమంతటిలో సత్యము పలికినది అదియొక్కటియే. వీధిలో తిరుగు బండికి మహాకామ్ వేయించువారిలో పెక్కుమంది కోరునది బలము కాదు, వేగము కాదు, నిలుచున్నచోట పుట్టు చప్పుడు మాత్రమేయని ఇన్నేండ్లుగా మాబోంట్లు మొత్తుకొన్నను ఒప్పుకొననివారు, ఆ చప్పుడొక్కటే విడిగా, చౌకగా దొరకుననగానే ఎగబడి, మా మాటను తామే ఋజువు చేసిపెట్టిరి. నా కోపమెల్ల అసలు కామ్‌షాఫ్టును చెవితో కొనువారిపైనను, అట్లు కొనిపించువారిపైనను.

ఆ తడబాటునకు ఒకప్పుడు కారణముండెను. 1967లో షెవ్రొలెట్‌వారు ట్రాన్స్-ఆమ్ పందెముల ఐదు లీటర్ల హద్దునకు లోబడి, 302 ఘనపుటంగుళముల ఇంజనును కమారో జెడ్/28లో అమర్చి, డంటొవ్ పేర పిలువబడు 30-30 కామ్‌షాఫ్టును దానికి పెట్టినప్పుడు, ఇన్‌టేకు వాల్వును ఎగ్జాస్టు వాల్వును కొంతసేపు కలిసి తెరచియుంచు ఓవర్‌లాప్ వలన నిమిషమునకు 5800 చుట్లయొద్ద ఆ చిన్న ఇంజను నిండుగా ఊపిరి పీల్చునని వారెరుగుదురు. అదే ఓవర్‌లాప్ వలన 800 చుట్లయొద్ద కాలిన పొగ వెనుకకు మరలి, క్రొత్తగా వచ్చు గాలితో కలిసి, ఇంజనును ఉక్కిరిబిక్కిరి చేయుననియు ఎరుగుదురు. ఐడిల్‌లోని ఆ మొరటుదనము వారు చెల్లించిన వెల. వారు కొన్న సరుకు పందెపు బలము. నేటి మన రసికులో, వెలను రెండింతలుగా చెల్లించి, సరుకును అంగడిలోనే వదలి, రసీదును మెడకు కట్టుకొని ఊరేగుచున్నారు.

చెవితో కొనుట యంటిని గదా, అది అలంకారము కాదు. విజయవాడ బందరు రోడ్డుమీద బుల్లెట్టు సైలెన్సరు మార్చుకొని తిరిగి, ఇచ్చట ట్రాయ్ నగరములో ఉద్యోగమునకు కుదిరి, 1977 నాటి కమారో నొకదానిని సంపాదించిన మన యువకుడొకడు నన్ను తన గరాజునకు పిలిచెను. ఆ బండిలో 350 ఘనపుటంగుళముల ఇంజను, 8.5 కంప్రెషన్, కార్ఖానావారు చెప్పిన బలము 170 హార్స్ పవర్. మూడు గేర్ల ఆటోమేటిక్, వెనుక ఇరుసులో 3.08 నిష్పత్తి. "ఏ కామ్ వేద్దామనుకుంటున్నావు నాయనా?" అని అడిగితిని. అతడు బదులు చెప్పక, ఫోను తీసి, ఎవరిదో బండి వెనుక గొట్టము తప్ప మరేమియు కనబడని వీడియో నొకదానిని నా చెవియొద్ద పెట్టి, తాను కన్నులు మూసికొని, "అంకుల్, ఈ చాప్ వినండి" అనెను. టార్కు ఎంత అంటిని. "వినండి అంకుల్" అనెను. ఎన్ని చుట్లయొద్ద అంటిని. "ఇదిగో, ఇక్కడ, ఇక్కడ వినండి" అనెను. త్యాగరాజ ఆరాధనోత్సవములో పంచరత్నములు వినువారి ముఖమునగూడ అంతటి తన్మయత్వమును నేను చూచి యెరుగను.

అతని నొక్కని ననుట న్యాయము కాదు. కేటలాగులే నేడు చెవికి వ్రాయబడుచున్నవి. కాంప్ కామ్స్‌వారి థంపర్ వంశములో థంపర్, మథా థంపర్, బిగ్ మథా థంపర్ అను ముగ్గురు గలరు. షెవ్రొలెట్ చిన్న బ్లాకునకు వీరి ఇన్‌టేకు డ్యూరేషన్ 0.050 అంగుళముల లిఫ్టువద్ద క్రమముగా 227, 235, 243 డిగ్రీలు. ఎగ్జాస్టుది ప్రతిదానికిని మరి 14 డిగ్రీలు మిక్కిలి. లోబుల నడిమి కోణము 107 డిగ్రీలు. ఈ అంకెలన్నియు పెట్టెపైననే యున్నవి, రహస్యమేమియు లేదు. ఐడిల్ చప్పుడును మనసునందుంచుకొనియే చేసితిమని ఆ సంస్థవారే చాటుకొనుచున్నారు. అమ్మువాడు దాచలేదు, కొనువాడు చదువలేదు. మువ్వురిలో ఎవరిని వరింపవలెనను ప్రశ్నకు మన యువకుడు ఒక్క క్షణమైనను సందేహింపలేదు. పేరు పొడవైనకొలది శ్రేష్ఠమను సూత్రము అతనికి పుట్టుకతోనే పట్టుబడినట్లున్నది.

ఆ చప్పుడునకు చెల్లించు వెల ఇంకను ముగియలేదు. 243 డిగ్రీల కామ్ ఇన్‌టేకు వాల్వును పిస్టను పైకి లేవ మొదలిడిన చాలసేపటివరకు మూయదు, ఆ నడుమ సిలిండరులోనికి వచ్చిన మిశ్రమములో కొంత వచ్చిన దారినే వెడలిపోవును, పుస్తకములో 8.5గా నున్న కంప్రెషన్ నడకలో ఆరున్నర దరిదాపులకు దిగజారును. గంటకు 70 మైళ్ళ వేగముతో పోవునప్పుడు, 26 అంగుళముల టైర్లతో, 3.08 ఇరుసుతో, ఆ ఇంజను తిరుగునది నిమిషమునకు 2800 చుట్లు. కామ్ ప్రతాపమంతయు అంతకు రెండింతల చుట్లయొద్ద దాగియున్నది. అనగా హైవే మీద చట్టము ఒప్పు వేగమున మిచిగన్ రాష్ట్రమంతయు తిరిగివచ్చినను, తాను డబ్బు పోసి కొన్న బలమును ఆ యువకుడు ఒక్కసారియైనను కలిసికొనడు. కలిసికొనునది ఎర్రదీపములయొద్ద, డ్రైవు గేరులో, కార్ఖానా కన్వర్టరు క్రిందికి లాగుచుండగా, ఇంజను ఆగిపోకుండుటకై ఒక కాలు బ్రేకుపైనను ఒక కాలు యాక్సిలరేటరుపైనను పెట్టి పడు అవస్థను మాత్రమే.

ఈ ప్రహసనములో నాకు మిక్కిలి ప్రియమైన అంకము మొదటి అరగంట. క్రొత్త ఫ్లాట్ టాపెట్ కామ్ వేసిన ఇంజనును తొలిసారి అంటించిన క్షణమునుండి 20 మొదలు 30 నిమిషములవరకు 2000 చుట్లకు తగ్గనీయరాదు. ఏలయన లోబునకును లిఫ్టరునకును నడుమ చేరు చమురు ముఖ్యముగా క్రాంక్‌షాఫ్టు తిరుగుచు చిమ్మునదే, అది నెమ్మదించినచో చిమ్ముట తగ్గును, ఒరయుట మిగులును. పైగా కేటలిటిక్ కన్వర్టర్లను కాపాడుటకై 2004లో వచ్చిన ఎస్‌ఎమ్ ప్రమాణము నాటినుండి సామాన్యపు కారు నూనెలలో ఫాస్ఫరసును 0.08 శాతమునకు మించనీయకుండుటచేత, లోబును కాపాడు జింకు కూడ వానిలో కొరతపడినది. పాత ఇంజనులకు వేరుగా నూనె చూచి పోయవలెను. ఇంతటి నియమము గల ఆ అరగంటలో మన రసికుడు చేయునదేమి? ఇంజను అంటుకొనగానే ఐడిల్‌కు దించి, మిత్రులను పిలిచి, గొట్టము వెనుక ఫోను పట్టుకొని నిలుచుండును. ఐడిల్ వినుటకై కొన్న కామ్, ఐడిల్ వినుటచేతనే, పుట్టిన దినముననే లోబులరిగి చచ్చును. ఆ ఉక్కు రజను నూనెతో కలిసి బేరింగులకు ప్రాకును. అంతట మరల కామ్, మరల లిఫ్టర్లు, మరల వీడియో.

ఇంతవరకు నవ్వితిని. ఇక నవ్వు రాదు.

బ్రేకు బూస్టరు పనిచేయునది ఇంజను మానిఫోల్డులోని వాక్యూముతో. ఆరోగ్యమైన కార్ఖానా ఇంజను ఐడిల్‌లో పాదరసపు కొలతలో సుమారు 18 అంగుళముల వాక్యూమునిచ్చును. ఈ మహాకామ్‌లు వేసిన ఇంజను పదింటికి, ఒక్కొక్కప్పుడు అంతకు దిగువకును పడిపోవును. అప్పుడు పెడల్ రాయి అగును. మూడున్నరవేల పౌండ్ల బరువుగల బండి, రద్దీలో ప్రాకుచు ఆగుచు పోవునప్పుడు, రెండు మూడు మారులు వరుసగా బ్రేకు త్రొక్కునప్పటికి బూస్టరులో దాచిన వాక్యూము తీరిపోయి, నాలుగవమారు త్రొక్కినవాని తొడ బలముమీదనే ముందున్న వాని ప్రాణము ఆధారపడును. మన యువకుని భార్య ఆ బండి నడపదా? అతని తల్లి గుంటూరునుండి వచ్చినప్పుడు ప్రక్కసీటులో కూర్చుండదా? కామ్ అమ్మిన దుకాణపువానికి ఈ సంగతి తెలియదా? చక్కగా తెలియును. తెలియుటచేతనే అదే బల్లమీద, అదే చేతితో, వాక్యూము డబ్బాను, ఎలక్ట్రిక్ వాక్యూము పంపును మరునెల అమ్ముచున్నాడు. మొదటి నెలలో నోరు విప్పలేదు. మొదట చెప్పినచో కామ్ అమ్ముడుపోదు. దీనికి వ్యాపారమను పేరు పెట్టుట నా వలన కాదు. బ్రేకు పట్టునో పట్టదో తెలియని బండిని పసివారు దాటు వీధులలోనికి పంపి, ఆ పంపుటను అభిరుచియని మెచ్చుకొనుట సిగ్గుమాలినతనము. కొనువాడు తెలివిమాలినవాడైనంతమాత్రమున అమ్మువాని పాపము తగ్గదు.

కామ్ ఎంచుకొనుట బ్రహ్మవిద్యయైన మన్నింతును, కాదు. కారు బరువెంత, కంప్రెషన్ ఎంత, హెడ్లు ఎంత గాలి పోనిచ్చును, ఇరుసు నిష్పత్తి యేమి, కన్వర్టరు ఎన్ని చుట్లయొద్ద పట్టును, బ్రేకులకు వాక్యూము కావలెనా అక్కరలేదా: ఇవి వరుసగా అడుగవలసిన ప్రశ్నలు, అన్నింటికి జవాబులు దొరకిన పిమ్మట కామ్ తనంతట తానే తేలును. ఆ 1977 కమారోను వీధిలో హాయిగా నడుపుటకు 0.050 వద్ద 210 మొదలు 215 డిగ్రీల డ్యూరేషన్, 112 డిగ్రీల లోబు కోణము, దానికి జత చేసిన క్రొత్త స్ప్రింగులు, మంచి ఇన్‌టేకు, మంచి హెడ్డర్లు చాలును. 1500 చుట్లనుండియే బండి లాగును, బ్రేకు పట్టును, ఐడిల్‌లో చేతినున్న కాఫీ తొణకదు. కాని ఇది చెప్పినప్పుడు ఆ యువకుని ముఖమున కనబడిన నిరాశ, పెండ్లిచూపులకు పోయి పిల్ల తాతగారితో మాటలాడి వచ్చినవాని నిరాశ. సంకోచించినప్పుడు ఒక మెట్టు చిన్న కామ్ తీసికొనుమను మాట ఇంజను పనివారిలో తరతరములుగా నున్నది. ఆ మాట ఎవరును వినకపోవుటకు కారణము, చిన్న కామ్‌నకు వీడియో లేదు.

గాలి దూరని హుడ్ స్కూపులను గూర్చి వ్రాయను. ఇంజను లేని విద్యుత్తు చార్జర్ డేటోనాలో 126 డెసిబెళ్ళ గర్జన పుట్టింతుమని డాడ్జ్‌వారు 2022లో ప్రకటించిన వింతను గూర్చియు వ్రాయను. కార్బురేటరు మీద క్రోము మూత వేసిన దినమున ఐదు హార్స్ పవర్ పెరిగినదని ప్రమాణము చేయువారికి నమస్కారము.

కొనువారికి నాది ఒక్క మాట. అంగడిలో ఎవడైనను ఈ కామ్ ఎట్లు పలుకునో వినిపింతునన్నచో, చెవి ఇవ్వక, ఐడిల్‌లో వాక్యూము ఎంతయని అడుగుడు. అంకె చెప్పనివానియొద్ద కొనకుడు. చెప్పిన అంకె పదునైదునకు తక్కువయైనచో, బ్రేకుల సంగతి ముందు తేల్చుమని నిలదీయుడు. అది తేలువరకు పర్సు తెరువకుడు.